పెద్దవాళ్లని కాసేపు బయట కూర్చోమనండి: డాక్టర్లకు ఒక బహిరంగ లేఖ

పిల్లల డాక్టర్లకు, ఫ్యామిలీ డాక్టర్లకు, గైనకాలజిస్టులకు, వాళ్లతో పాటు పనిచేసే నర్సులకు,

నమస్కారం.

నేను స్కూల్లో కౌన్సెలర్‌ని. తలనొప్పి, కడుపునొప్పి, కళ్లు తిరగడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, పగలు క్లాసులో నిద్ర ఆగకపోవడం, ఇలా ఏదో ఒకటి చెప్పుకుని పిల్లలు నా గదికి వస్తారు. వాళ్లలో కొందరిని మీ దగ్గరికి పంపిస్తుంటాను. మిమ్మల్ని చూసి వచ్చాక మళ్లీ నా గదికే వస్తారు. అంటే మీ దగ్గరికి రాకముందు వాళ్లు ఏం చెప్పారో నాకు తెలుసు, మీరు రాసిచ్చిన చీటీలో ఏముందో కూడా తెలుసు. చాలాసార్లు ఈ రెంటికీ పొంతన ఉండదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

కొత్త పరికరాలు కొనమని గానీ, కొత్త విభాగాలు తెరవమని గానీ అడగను. నేను అడిగేది ఒక్కటే. కౌమారంలో ఉన్న పిల్లో పిల్లాడో మీ ముందుకొచ్చినప్పుడు, వెంట వచ్చిన పెద్దవాళ్లని ఓ పది నిమిషాలు బయట కూర్చోమని, ఆ బిడ్డతో విడిగా మాట్లాడండి. అనుమానం వచ్చినవాళ్లతో మాత్రమే కాదు, అందరితోనూ.

ఎందుకంటారా? ఒకసారి కళ్లు తిరిగి పడిపోయిన పదిహేనేళ్ల పిల్లని తీసుకుని, వాళ్లమ్మతో పాటు నేనూ ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరుగారు మంచివారే, తొందరపడే మనిషి కాదు. "ఏంటమ్మా, ఏమైంది?" అని పిల్లని చూసే అడిగారు. ఆ పిల్ల నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "కళ్లు తిరుగుతున్నాయంటుంది సార్. పొద్దున ఏమీ తినదు." ఆ తర్వాత ప్రశ్నలన్నీ అమ్మకే వెళ్లాయి. పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయా? నెలనెలా వస్తున్నాయి సార్. ఫోను బాగా చూస్తుందా? అడక్కండి సార్, అర్ధరాత్రి దాకా అదే పని. డాక్టరుగారు నవ్వి, "ఈ వయసులో అంతేనమ్మా, కాస్త బలమైన తిండి పెట్టండి" అని మాత్రలు రాశారు. అంతసేపూ ఆ పిల్ల ఒళ్లో పెట్టుకున్న బ్యాగు జిప్పు లాగుతూ, మూస్తూ కూర్చుంది. లేచి వెళ్లేటప్పుడు "థాంక్యూ సార్" అంది. ఆ గదిలో ఆ పిల్ల పలికిన మాట అదొక్కటే.

అమ్మ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నెలసరి నెలనెలా వస్తోంది. వస్తే తొమ్మిది రోజులు ఆగదని, గంటకోసారి ప్యాడ్ మార్చాల్సి వస్తుందని, రాత్రిళ్లు రెండేసి పెట్టుకుని పడుకుంటుందని అమ్మకి తెలీదు. క్లాసయ్యాక అందరూ వెళ్లేదాకా బెంచీ మీంచి లేవదని అసలే తెలీదు. నాతో ఇవన్నీ చెప్పాక ఆ పిల్ల ఇంకో మాట కూడా అంది: "మా అమ్మకీ అంతేనట మేడమ్. అందరికీ ఇంతే కదా?"

వైద్యం చదివినవాళ్లకి ఆ చివరి మాట వినగానే చెవులు నిక్కబొడుచుకోవాలి. మొదటి నెలసరి నుంచే ఇంత రక్తం పోతుంటే, తల్లికీ అలాగే అయి ఉంటే, రక్తం సరిగ్గా గడ్డకట్టని వాన్ విల్లిబ్రాండ్ లాంటి వంశపారంపర్య జబ్బు ఉందేమో చూడాలని మీ పుస్తకాలే చెబుతాయి. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం, గైనకాలజిస్టుల సంఘం కలిసి 2006లోనే ఒక సూచన చేశాయి: ఈ వయసు ఆడపిల్లల్లో నాడి, బీపీ చూసినట్టే నెలసరి తీరునీ ఆరోగ్యానికి ఒక ముఖ్య సూచికగా చూడండి అని. ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్లు, నొప్పి వల్ల స్కూలు మానేస్తున్నారా అనే మూడు ప్రశ్నలు చాలు. అయితే ఆ ప్రశ్నలు వేయాల్సింది ఆ పిల్లకి. రెండోసారి వేరేచోట ఒక నర్సు వేసింది, అదీ అమ్మని బయట కూర్చోబెట్టి. హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాల్సింది 8 కూడా లేదు. మొదటి డాక్టరుగారి వైద్యంలో లోపం ఉందని నేను అనను. ఆయన చేతికి సమాచారమే అందలేదు. అందకపోవడానికి కారణం ఆ గదిలో ఎవరెవరు కూర్చున్నారన్నదే.

ఇక "ఈ వయసులో అంతే" అనే మాట సంగతి. దానికి నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. 1904లో జి. స్టాన్లీ హాల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కౌమారం మీద రెండు సంపుటాలు రాసి, అదొక తుఫాను దశ అని తేల్చాడు. ఆ మాట లోకానికి బాగా నచ్చింది. తర్వాతి పరిశోధకులు మామూలు పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తే తేలింది వేరు. ఎక్కువమంది ఈ వయసుని పెద్ద అల్లకల్లోలం లేకుండానే దాటుతారు. చిరాకు పెరుగుతుంది, ఇంట్లో వాదనలు పెరుగుతాయి, తలుపు దడాల్న మూసుకుంటుంది, అవన్నీ నిజమే. వారాల తరబడి ఏడుస్తూ ఉండటం, ఉన్న స్నేహితులందర్నీ వదిలేసుకోవడం, నిన్నటిదాకా ప్రాణంగా ఆడిన ఆట మానేయడం మాత్రం వయసు లక్షణాలు కావు. ఒక పిల్లాడు నిజంగా తుఫానులో ఉంటే, తుఫాను మామూలేనని నమ్మే పెద్దవాళ్ల మధ్య వాడు ఎవరి కంటా పడడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పది నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జీవితంలో ఎప్పుడైనా వచ్చే మానసిక జబ్బుల్లో మూడోవంతు 14 ఏళ్ల లోపే, దాదాపు సగం 18 లోపే మొదలవుతాయి. ఇదే వయసువాళ్ల ప్రాణాలు తీస్తున్న ముఖ్య కారణాలు చూడండి: రోడ్డు ప్రమాదాలు, హింస, ఆత్మహత్య. వీటిలో ఏదీ స్టెతస్కోపుకి వినిపించదు, స్కానింగులో కనిపించదు. హెల్మెట్ లేకుండా ఎవరి బండెనక కూర్చుంటున్నాడో, ఇంట్లో ఎవరు కొడుతున్నారో, చనిపోవాలని ఎన్నిసార్లు అనిపించిందో అడిగితేనే తెలుస్తుంది. ఐదేళ్లలోపు పిల్లల్ని తూచి, కొలిచి, టీకాలు వేసి చూసుకుంటున్నాం. అరవై దాటినవాళ్లకి బీపీ, షుగర్ చూస్తున్నాం. మధ్యలో ఈ వయసువాళ్లు చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటారు కాబట్టి వాళ్లకి చేయాల్సిందేమీ లేదనుకుంటాం. చేయాల్సింది ఉంది. అది మాటలతో చేసే పని.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1951లో బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో జె. రోజ్‌వెల్ గాలగర్ అనే డాక్టరు కౌమారంలో ఉన్నవాళ్ల కోసమే ఒక విభాగం తెరిచాడు. అక్కడ వైద్యం రోగంతో కాకుండా ఆ మనిషితో మొదలయ్యేది, డాక్టరు ఆ పిల్లాడికి డాక్టరు గానీ తల్లిదండ్రులకి కాదు. ఎలా అడగాలన్నదానికీ దారి ఎప్పుడో వేసి ఉంది. సియాటిల్‌లో హార్వే బెర్మన్ మొదలుపెట్టిన ప్రశ్నల వరసని 1988లో గోల్డెన్‌రింగ్, కోహెన్ అనే ఇద్దరు డాక్టర్లు మెరుగుపరిచి ప్రచురించారు. ముందు ఇల్లు, తర్వాత చదువు, ఆ తర్వాత ఆటపాటలు, స్నేహితులు. అవి అయ్యాకే సిగరెట్టు, మందు, మత్తు. ఆపైన ప్రేమలు, శరీర సంబంధాలు. చివరికి దిగులు, చావు ఆలోచనలు. తిండి గురించి, భద్రత గురించిన ప్రశ్నలు ఆ తర్వాతి కాలంలో చేరాయి. ఈ వరసలోనే తెలివి ఉంది. "ఇంట్లో ఎవరెవరుంటారు? నీ గదిలో ఎవరు పడుకుంటారు?" అన్నప్పుడు జవాబు చెప్పడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. చెప్పడం అలవాటయ్యాక కష్టమైన ప్రశ్న వస్తుంది. దాన్ని కూడా సూటిగా మీద పడేయనక్కర్లేదు. "మీ క్లాసులో సిగరెట్ తాగేవాళ్లున్నారా? నీ ఫ్రెండ్సులో? నీకెప్పుడైనా ఇచ్చారా?" అంటూ మెల్లగా దగ్గరికి రావచ్చు.

అడిగే తీరులో రెండు చోట్ల జాగ్రత్త పడమని నా మనవి. ఆడపిల్లని "బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా?" అని, మగపిల్లాణ్ని "గర్ల్‌ఫ్రెండ్ ఉందా?" అని నవ్వుతూ అడగకండి. "ఎవరైనా ఇష్టమా?" అని ఊరుకోండి. ముందే మీరు జవాబు సగం రాసేస్తే, ఆ సగంలో ఇమడని పిల్లలు ఇక నోరు విప్పరు. రెండోది చావు గురించి. ఆత్మహత్య మాట మనం ఎత్తితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చదువుకున్న డాక్టర్లు కూడా వెనకాడటం చూశాను. అలా జరగదని ఇన్నేళ్ల పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. "ఒక్కోసారి బతకడం ఎందుకు అనిపిస్తుందా? చనిపోవాలని అనుకున్నావా? ఎలా అని కూడా ఆలోచించావా?" అని మామూలు గొంతుతో అడగండి. నేను అడిగినప్పుడు పిల్లల ముఖంలో కనిపించేది ఎక్కువగా ఊరటే. ఎవరో ఒకరు అడిగారన్న ఊరట. అవునన్న పిల్లని మాత్రం ఆ రోజు ఒంటరిగా పంపకండి, ఇంట్లో మందులు, పురుగుమందులు చేతికి అందకుండా దాచమని పెద్దవాళ్లకి చెప్పకుండా పంపకండి.

అమ్మానాన్నలు ఒప్పుకోరని అంటారు కదా. చాలామంది ఒప్పుకుంటారు, అడిగే తీరుని బట్టి. "మీ పాపతో విడిగా మాట్లాడాలి, మీరు బయటికెళ్లండి" అంటే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది. ఏదో జరిగిందనుకుంటుంది, లేదా తనని అనుమానిస్తున్నారనుకుంటుంది. అదే గదిలోకి రాగానే, "పన్నెండేళ్లు దాటిన పిల్లలందరితోనూ మేం కాసేపు విడిగా మాట్లాడతామమ్మా. వాళ్ల ఆరోగ్యం వాళ్లే చూసుకోవడం ఇప్పట్నుంచే అలవాటు కావాలి కదా. ముందు మీరు చెప్పాల్సింది చెప్పండి" అంటే పద్ధతి అనుకుంటుంది. అందుకే అందరితోనూ అని పైన రాశాను. కొందరినే బయటికి పంపితే ఆ పంపడమే ఒక నింద అవుతుంది.

తల్లిదండ్రుల్ని పక్కకి నెట్టమని ఇక్కడ ఎవరూ అనడం లేదు. జబ్బు పిల్లాడి పక్కన రాత్రంతా మేలుకుని ఉండేది వాళ్లే. ఆ విడిగా మాట్లాడే పది నిమిషాలు చివరికి చాలాసార్లు అమ్మ దగ్గరికే చేరతాయి. "ఈ సంగతి అమ్మకి చెబుదామా? నువ్వు చెబుతావా, నేను చెప్పనా, ఇద్దరం కలిసి చెబుదామా?" అని అడిగితే ఎక్కువమంది మూడోది ఎంచుకుంటారు. చెప్పడానికి వాళ్లకి ఇష్టం లేక కాదు, ఎలా మొదలుపెట్టాలో తెలీక.

రహస్యం కాపాడతామని మాటివ్వడం గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే పిల్లలు మీ దగ్గర నోరు మెదపకపోవడానికి అసలు కారణం అదే. "చెబితే అమ్మకి చెప్పేస్తారు" అన్నది వాళ్ల దృష్టిలో భయం కూడా కాదు, తెలిసిన నిజం. గోప్యత హామీ ఇచ్చాక పిల్లలు సున్నితమైన విషయాలు చెప్పడానికి ఎక్కువ సుముఖంగా ఉంటారని 1997లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. చూపించకపోయినా నమ్మేవాళ్లమే అనుకోండి. హామీ ఇచ్చేటప్పుడే దాని హద్దులు కూడా చెప్పాలి: "నీ ప్రాణానికి గానీ, ఇంకొకరి ప్రాణానికి గానీ ముప్పు ఉంటే, నిన్ను ఎవరైనా హింసిస్తుంటే, అప్పుడు నా ఒక్కడి దగ్గరే ఉంచుకోలేను. ఎవరికి చెప్పాలో ముందు నీతో మాట్లాడే చెబుతాను." ఏయే విషయాలు అధికారులకి తెలియజేయాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీరున్నచోట చట్టం ఏమంటుందో తెలుసుకుని, ప్రశ్నలు మొదలుపెట్టకముందే ఆ బిడ్డకి చెప్పండి. అన్నీ చెప్పించుకున్నాక "ఇది నేను చెప్పక తప్పదు" అంటే ఆ పిల్ల ఇంకో పదేళ్లు ఏ డాక్టర్నీ నమ్మదు.

చిన్నపిల్లలకి ఇంత స్వతంత్రమా అని ముఖం చిట్లించే పెద్దమనుషులకి రెండు సంగతులు గుర్తుచేస్తాను. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలని, వయసుకీ పరిణతికీ తగిన విలువ ఇవ్వాలని చెబుతోంది. అంతకు నాలుగేళ్ల ముందు, 1985లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ గిలిక్ కేసులో, పదహారేళ్లు నిండకపోయినా విషయాన్ని పూర్తిగా అర్థం చేసుకోగల తెలివి ఉంటే ఆ బిడ్డ తన వైద్యానికి తానే ఒప్పుకోవచ్చని తీర్పు చెప్పింది. అన్ని దేశాల చట్టాలూ అలా లేవు. కానీ విడిగా మాట్లాడటానికి ఏ తీర్పూ అక్కర్లేదు కదా, ఒక కుర్చీ చాలు.

ఒకటి మాత్రం కలగాపులగం చేయకండి. విడిగా మాట్లాడటం వేరు, ఒళ్లు పరీక్షించడం వేరు. పరీక్ష చేసేటప్పుడు నర్సో, ఆ బిడ్డ కోరుకున్న మరో మనిషో పక్కన ఉండాల్సిందే. ఎక్కడ చెయ్యి పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో ముందే చెప్పి, సరేనన్నాకే చూడండి. తన ఒంటి మీద చెయ్యి వేయాలంటే తనని అడగాలి అన్న సంగతి ఆ బిడ్డకి మొదటిసారి తెలిసేది మీ గదిలోనే కావచ్చు.

ఇక బద్ధకం. నాకు బాగా కోపం తెప్పించే నింద ఇదే కాబట్టి కాస్త ఓపిక పట్టండి. పదహారేళ్ల కుర్రాడు రాత్రి పన్నెండైనా పడుకోడు, పొద్దున లేపితే లేవడు, మొదటి పీరియడులో తల వాల్చేస్తాడు. ఇంట్లో బద్ధకిష్టి అంటారు, స్కూల్లో బాధ్యత లేదంటారు, మీరు కూడా "తొందరగా పడుకో బాబూ" అని పంపేస్తారు. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో మేరీ కార్స్‌కాడన్ వేసవి శిబిరాలు పెట్టి పిల్లల నిద్రని ఏటేటా కొలిచింది. పెరిగేకొద్దీ నిద్ర అవసరం తగ్గిపోతుందన్న నమ్మకం అక్కడే బీటలు వారింది. అవసరం తగ్గలేదు సరికదా, యౌవనంలోకి వచ్చేకొద్దీ పగటి మగత పెరిగింది. ఈ వయసులో నిద్ర తెచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుందని, ఒంట్లో గడియారమే ఒకట్రెండు గంటలు వెనక్కి జరుగుతుందని తర్వాత తెలిసింది. వాడికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, పదకొండు దాటితే గానీ కన్ను మూతపడదు, స్కూలు మాత్రం తెల్లారగానే రమ్మంటుంది. లెక్క ఎక్కడ కుదురుతుంది?

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో ఈ వయసు పిల్లల బళ్లు 8:30 కంటే ముందు మొదలుకాకూడదని చెప్పింది. సియాటిల్‌లో 2016లో హైస్కూళ్ల వేళని 7:50 నుంచి 8:45కి జరిపితే, పిల్లలు ఆ మిగిలిన సమయమంతా ఫోనులో గడుపుతారని జోస్యం చెప్పినవాళ్లున్నారు. పరిశోధకులు చేతికి కట్టే పరికరాలతో కొలిచి చూస్తే పిల్లలు రోజుకి 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. ఫోను అమాయకురాలని నేననను, అది ఉన్న ఆలస్యాన్ని ఇంకా లాగుతుంది. అయినా మీరు తల్లిదండ్రులతో "ఇది ఈ వయసు శరీరధర్మం, తిట్టి లాభం లేదు, రాత్రి లైట్లు తగ్గించండి, ఫోను గది బయట పెట్టించండి, పొద్దున ఎండలోకి పంపండి" అని ఓ రెండు నిమిషాలు చెబితే ఆ ఇంట్లో రోజూ పొద్దున జరిగే యుద్ధం ఆగుతుంది. నేను చెబితే ఆగదు. తెల్లకోటు మాటకున్న బలం కౌన్సెలర్ మాటకి లేదు, ఏం చేస్తాం.

అలాగని నిద్రమత్తంతా శరీరధర్మమేనని తేల్చేయడం కూడా అదే "ఈ వయసులో అంతే" అవుతుంది. రక్తహీనత, థైరాయిడ్, దిగులు జబ్బు, రాత్రంతా ఫోనులో ఎవరో బెదిరిస్తుండటం, వీటన్నిటికీ పగటి నిద్రే మొహం. చివరిది ఏ రక్తపరీక్షలో తెలుస్తుంది చెప్పండి.

బరువు సంగతి. ఒక కుర్రాడు కాస్త లావుగా ఉండేవాడు. నాలుగైదు నెలల్లో సన్నబడిపోయాడు. టీచర్లు మెచ్చుకున్నారు, చుట్టాలు మెచ్చుకున్నారు, జ్వరమని వెళ్తే డాక్టరుగారు కూడా తూకం చూసి "వెరీగుడ్, ఇలాగే మెయిన్‌టైన్ చెయ్" అన్నారు. ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుని తిరుగుతున్నాడని గమనించింది మా ఆటల మాస్టారు. వాడు మధ్యాహ్నం తినడం మానేసి ఎన్నాళ్లయిందో వాడి స్నేహితులకి తెలుసు. తిండి జబ్బులంటే, అంటే లావవుతామన్న భయంతో తిండి మానేయడం లాంటివి, బక్కపల్చటి ఆడపిల్లలకే వస్తాయన్న నమ్మకం ఎంత గట్టిదో అప్పుడు చూశాను. లావుగా ఉన్నవాళ్లకీ వస్తాయి, మగపిల్లలకీ వస్తాయి. ముందు లావుగా ఉండటం వల్ల అందరూ చప్పట్లు కొడతారు కాబట్టి ఇంకా ఆలస్యంగా బయటపడతాయి. అంత వేగంగా బరువు తగ్గిన పిల్లాడు వస్తే మెచ్చుకునే ముందు నాడి పట్టుకుని చూడండి. పగటిపూట నిమిషానికి 50 కంటే తక్కువ ఉంటే ఆస్పత్రిలో చేర్చే సంగతి ఆలోచించాలని మీకు నేను చెప్పాలా. ఇంట్లో బరువు గురించి మాటలు, డైటింగులు ఎక్కువైతే పిల్లల్లో అటు ఊబకాయం, ఇటు తిండి జబ్బులు రెండూ పెరుగుతాయని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో హెచ్చరించింది. మీ తూకం యంత్రం కారిడార్లో నలుగురి మధ్య ఉంటే దయచేసి లోపలికి మార్పించండి. అంకెని నర్సు గట్టిగా చదవనక్కర్లేదు.

భయపెట్టడం కూడా మానండి. సిగరెట్ తాగానని ఒప్పుకున్న పద్నాలుగేళ్లవాడికి అరవయ్యో ఏట వచ్చే క్యాన్సర్ బొమ్మ చూపిస్తే, వాడు మానేది సిగరెట్ కాదు, మీకు చెప్పడం. తప్పుదారి పట్టిన కుర్రాళ్లని జైళ్లకి తీసుకెళ్లి ఖైదీల చేత భయపెట్టించే కార్యక్రమాలు అమెరికాలో ఒకప్పుడు బాగా పేరు పొందాయి. వాటి ఫలితాలన్నీ కలిపి తూచి చూస్తే, అలా వెళ్లొచ్చినవాళ్లు వెళ్లనివాళ్ల కంటే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. శృంగార విషయాల్లో దీనికి తిరగేసిన భయం ఒకటి ఉంది, అది పెద్దవాళ్లది: చెబితే చెడిపోతారని. ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థ యునెస్కో 2018లో వెలువరించిన మార్గదర్శకాలు ఆధారాలన్నీ చూసి, సమగ్రంగా చెప్పడం వల్ల పిల్లలు తొందరపడటం జరగదని స్పష్టంగా చెప్పాయి. హెచ్‌పీవీ టీకా దగ్గరా ఇదే తంతు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తే బాగా పనిచేసే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపే టీకా అది. "అప్పుడే దీనికెందుకు" అని ఏ తల్లైనా మొహమాటపడితే క్యాన్సర్ టీకా అని చెప్పి వేసేయండి. మీరే మొహమాటపడితే ఇక చేసేదేమీ లేదు.

ఏళ్ల తరబడి మందులు వాడే పిల్లల గురించి ఒక్క మాట. టైప్-1 షుగర్ ఉన్న కుర్రాణ్ని అమ్మ ముందు "ఇన్సులిన్ సరిగ్గా తీసుకుంటున్నావా?" అంటే తీసుకుంటున్నాననే అంటాడు. మూడు నెలల షుగర్ రిపోర్టు వేరే చెబుతుంది, మీరు తిడతారు, అమ్మ ఏడుస్తుంది. "వారంలో ఎన్నిసార్లు తప్పుతుంది? ఏ పూట కష్టం?" అని విడిగా అడిగి ఉంటే, స్కూల్లో బాత్రూంలో నిలబడి సూది వేసుకోవాల్సి వస్తోందని, ఆ పూటదే మానేస్తున్నాడని తెలిసేది. అది మేం సరిచేయగలిగిన సంగతి. ఒక గది, ఒక తలుపు గడియ.

టైం లేదంటారు. బయట క్యూ ఎంతుంటుందో నేను కళ్లారా చూసిందే. కాబట్టి ప్రశ్నలన్నీ మీరే అడగాలని లేదు. నర్సు అడగొచ్చు, చాలాచోట్ల పిల్లలు నర్సుకే తేలిగ్గా చెబుతారు. వేచి ఉండే సమయంలో ఒక కాగితం ఇచ్చి టిక్కులు పెట్టమనొచ్చు. పక్కనే అమ్మ కూర్చుని ఆ కాగితంలోకి తొంగి చూడకుండా మాత్రం కాస్త దూరంగా కూర్చోబెట్టాలి. అన్నీ ఒకేసారి అడగాల్సిన పని కూడా లేదు. ఈసారి ఇల్లు, నిద్ర, దిగులు. మళ్లీ వచ్చినప్పుడు మిగతావి. మళ్లీ వస్తారా అంటే, ఈసారి వాళ్లతో మాట్లాడి ఉంటే వస్తారు.

మా వైపు నుంచి చేయగలిగింది కూడా చెబుతాను. ఇకమీదట నేను పంపే ప్రతి చీటీలోనూ పైన "విడిగా మాట్లాడగలరు" అని రాసి పంపుతాను. అలా రాస్తున్నానని తల్లిదండ్రులకి ముందే చెప్పి, ఎందుకో వివరించి, ఆ మొదటి కంగారు నా గదిలోనే పోయేలా చూసుకుంటాను. చీటీలో ఏం రాయాలో పిల్లలకి చదివి వినిపించి, వాళ్లు వద్దన్న వాక్యం కొట్టేసి, ఆ తర్వాతే కవరు అంటిస్తాను. జవాబు రాసేటప్పుడు మీరూ అదే చేయండి. నాకు తెలియాల్సింది మందు పేరు, ఏ పూట వేసుకోవాలి, ఆటలకి పంపొచ్చా, మళ్లీ ఎప్పుడు పంపాలి అన్నవే. మిగతాది ఆ బిడ్డ చెబితే వింటాను. కొందరు పిల్లలు అమ్మానాన్నలు లేకుండా, నా వెంట రావడానికే ఒప్పుకుంటారు. చట్టం ఎంతవరకు అనుమతిస్తే అంతవరకు అలాంటివాళ్లని మీ కౌంటర్ దగ్గర "పెద్దవాళ్లేరి?" అని తిప్పి పంపకుండా ఉండేలా మీ సిబ్బందికి ఒక మాట చెప్పి ఉంచండి.

ఇట్లు,
ఒక స్కూల్ కౌన్సెలర్